పిచ్చుక పక్కన ఇల్లు

పొద్దున్నే నోట్లో బ్రష్షు పెట్టుకుని ప్లంబరు చేసే మొదటి పని రెండిళ్ల మధ్య సందులోకి వెళ్లి కొలవడం. టేపు ఉన్నా తీసేవాడు కాదు. తమ గోడకి బొటనవేలు ఆనించి, పక్కింటి గోడ దాకా జానలు వేసుకుంటూ పోయి, నోటినిండా నురగతో వంటింటి కిటికీ దగ్గరికొచ్చి వేళ్లు చూపించేవాడు. లోపల టీ కాస్తున్న అతని భార్య ఆ వేళ్లు చూసి, "తగ్గిందా?" అనేది. అతను తల ఊపేవాడు. ఊపినప్పుడల్లా నురగ చొక్కా మీద పడేది. ఆ చొక్కా ఉతికేది తనే కాబట్టి ఆవిడ ఓ తిట్టు తిట్టేది. తిట్టేటప్పుడు మొహం మాత్రం వెలిగిపోతూ ఉండేది.

ఆ ఊళ్లో ఇళ్లు జరుగుతాయి. ఇంట్లోవాళ్ల మనసు ఎవరి మీద ఉంటే ఇల్లు వాళ్ల వైపు, అందరూ నిద్రలో ఉండగా, వేలెడో రెండు వేళ్లో జరుగుతుంది. ఆ మనసు పూర్తిగా విరిగిన రోజు ఒక్కసారి వెనక్కి తగ్గుతుంది. అందుకే అక్కడ కరెంటువాళ్లు స్తంభం దగ్గర తీగ నాలుగు చుట్లు ఎక్కువే వదులుతారు. ప్లంబర్లు గోడ కింద మెత్తటి గొట్టం వదులుగా పాతుతారు. పై వీధిలో లెక్కల మేష్టారొకాయన ఉండేవాడు, బ్రహ్మచారి. ఆయన ఇల్లు ఎదుటి పళ్ల డాక్టరమ్మ ఇంటి వైపు రోడ్డు సగం దాకా వచ్చేసింది. "అబ్బే, అలాంటిదేం లేదండీ" అని ఆయన అంటూనే ఉండేవాడు, లారీలవాళ్లు హారన్ కొట్టి పక్కనుంచి పోతూనే ఉండేవాళ్లు. అద్దె ఇల్లు మాత్రం ఎవరి వైపూ జరగదు. దానికి మనమెవరో తెలియదు కదా.

ప్లంబరు భార్య కళ్లద్దాల షాపులో పనిచేసేది. అద్దాలు కోసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ఊళ్లో సగం మందికి చూపు సరిచేసిన మనిషి తన గోడ పక్కన జరిగేది చూడలేకపోయిందని ఆ తర్వాత జనం చెప్పుకున్నారు. చెప్పుకునేవాళ్లకేం, ఎన్నైనా చెప్తారు. చిన్నప్పుడు బడిలో పక్కన కూర్చునే పిల్ల ఆమెకి 'మొద్దు' అని పేరు పెట్టింది. ఆ పిల్ల నోరు క్షణం మూతపడేది కాదు కాబట్టి ఈమె దానికి 'పిచ్చుక' అని పేరు పెట్టింది. పెళ్లిళ్లయినా ఆ పేర్లు పోలేదు. మనమూ అలాగే పిలుద్దాం.

మొద్దు తల్లి ఆస్పత్రిలో పోయినప్పుడు, ఎవరొచ్చి ఏం చెప్పినా వినని మొద్దుని వరండాలో ఒళ్లో పడుకోబెట్టుకుని తెల్లారేదాకా కదలకుండా కూర్చున్నది పిచ్చుకే. కాళ్లు తిమ్మిరెక్కి మర్నాడంతా కుంటింది. ఆ ఒక్క సంగతి చాలు, మొద్దు జన్మంతా రుణపడి ఉండటానికి. పెళ్లయ్యాక మొద్దు ఆరేడు అద్దె ఇళ్లు మారింది. ఎక్కడికెళ్లినా పిచ్చుక ఇల్లు రెండు బస్సుల దూరం. ఓ ఆదివారం పిచ్చుకే వగర్చుకుంటూ వచ్చింది.

"ఒసేవ్ మొద్దూ, మా పక్కిల్లు ఖాళీ అవుతోందే. వాళ్లు అమ్మేస్తారట. ఎవరెవరో వచ్చి చూస్తున్నారు. నువ్వు తీసుకో. సొంతిల్లూ అవుతుంది, నా పక్కనా ఉంటావు. ముసలాళ్లమయ్యాక కిటికీలోంచే కబుర్లు చెప్పుకోవచ్చు."

"వాళ్లెందుకు ఖాళీ చేస్తున్నారు?" అని అడిగింది ప్లంబరు తల్లి, మంచం మీద నుంచి. మొద్దు అత్తగారికి అన్నీ అనుమానాలే.

"వాళ్ల అమ్మాయి దూరం వీధికి కాపరానికెళ్లిందట పిన్నిగారూ. ఇల్లు అటు జరుగుతుంటే వీళ్లకి ఇక్కడ నిద్రపట్టడం లేదట" అంది పిచ్చుక గుక్కతిప్పుకోకుండా.

ఇంకేముంది. ఉన్నదంతా ఊడ్చి ఆ ఇల్లు తీసుకున్నారు. సామాను దించిన రోజు పిచ్చుక చీర కొంగు నడుముకి దోపుకుని వంటిల్లు మొత్తం తనే సర్దింది. ఏ డబ్బా ఎక్కడుండాలో తనే చెప్పింది. మొద్దు సాయంత్రం ఖాళీ గదిలో గోడకి వీపు ఆనించి కూర్చుని, "ఇది మనదేనా?" అని మొగుణ్ణి అడిగింది. "గోడకి మేకు కొట్టి చూడు, ఎవడొచ్చి అడుగుతాడో" అన్నాడతను. వెంటనే లేచి నిజంగానే ఓ మేకు కొట్టింది, తగిలించడానికి ఏమీ లేకపోయినా.

మొదటి నెలలోనే ఇల్లు పిచ్చుక ఇంటి వైపు జరగడం మొదలైంది. సందు తగ్గుతుంటే రెండిళ్లూ ఒకదానికోసం ఒకటి వస్తున్నాయని మొద్దు అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. రెండు గోడల మధ్య దూరం తగ్గితే ఏ గోడ ఎంత జరిగిందని ఎవరు చూస్తారు? షాపులో కళ్లద్దాలకొచ్చినవాళ్లకి కూడా చెప్పేది, "మా ఇళ్లు రెండూ కలిసిపోతాయండీ, ఇంకొన్నాళ్లలో" అని. ఇళ్లు ఆనుకుంటే గోడలు ఒకటైపోతాయి. ఆ తర్వాత గునపం పెట్టినా విడవవు. అన్నదమ్ముల ఇళ్లు అలా కలిసినవి ఊళ్లో రెండు మూడున్నాయి. స్నేహితుల ఇళ్లు కలిసింది మాత్రం ఎవరూ చూడలేదు.

"మనది మొదటిదవుతుందే" అనేది మొద్దు.

"ఎప్పటికి కలుస్తాయంటావ్? వానలు పడేలోగానా?" అని అడిగేది పిచ్చుక. ఎప్పుడూ అదే అడిగేది. అంత ఆత్రం చూసి మొద్దు మురిసిపోయేది.

ఓ పొద్దున కొళాయిలో నీళ్లు రాలేదు. సందులో నేల బురదైంది. రెండిళ్లకీ నీళ్లు సందు కింద నడిమధ్యన పాతిన ఒకే ఇనుప పెట్టెలోంచి వస్తాయి, అక్కడినుంచి ఇటొక గొట్టం అటొక గొట్టం. ప్లంబరు పార తెచ్చి తవ్వాడు. మొద్దు టీ గ్లాసు పట్టుకుని సందు చివర నిలబడింది. తవ్వడం అయిపోయినా అతను లేవలేదు. గోతిలో మోకాళ్ల మీద కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. పగిలింది. అతుకుతా."

"పగిలితే అంతసేపు చూడటమెందుకు?" అని ఆమె దగ్గరికి వచ్చి వంగి చూసింది. ప్లంబరు భార్యగా ఇన్నేళ్లు బతికాక ఆ మాత్రం ఆమెకీ తెలుసు. రెండిళ్లూ ఎదురెదురు వస్తే రెండు గొట్టాలూ పెట్టెకి అటూ ఇటూ ఒక్కలాగే పోగుపడాలి. తమ వైపు గొట్టం మెలికలు మెలికలుగా ముడుచుకుని, నొక్కుకుపోయి పగిలింది. పిచ్చుక వైపు గొట్టంలో ఒక్క మెలిక లేదు. పోనీ పాతినచోట పాతినట్టుందా అంటే అదీ లేదు. వెనక్కి లాగి బిగుసుకుపోయి ఉంది. వాళ్ల ఇంటి వెనక రాళ్ల గని. ఎప్పుడో తవ్వి వదిలేసిన పెద్ద గొయ్యి.

ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అంటుంటారు. అక్కడ గొయ్యి నిజంగానే ఉంది. ఇన్నాళ్లూ ఆమె దాన్ని దండెం మీద బట్టలారేసే చోటుగానే చూసింది.

"వాళ్ల ఇల్లు జారుతోంది" అన్నాడు ప్లంబరు మెల్లిగా. "మన వైపు రావట్లేదు. ఎప్పుడూ రాలేదు."

టీ గ్లాసు అక్కడే మట్టిలో పెట్టి మొద్దు పక్కింటికి వెళ్లింది. తలుపు తట్టలేదు, ఎప్పుడూ తట్టదు. పడగ్గదిలో పిచ్చుక అట్టపెట్టెల మధ్య కూర్చుని గాజు సామాను పాతబట్టల్లో చుడుతోంది. గోడకి ఎప్పుడూ ఉండే బీరువా పక్కకి జరిపి ఉంది. దాని వెనక గోడ పైనుంచి కింద దాకా చీలింది. ఆ చీలికలోంచి ఎండ లోపలికి పడుతోంది. చెయ్యి పెట్టి చూస్తే అవతల గని గాలి తగిలింది. మొద్దు కాసేపు ఆ చెయ్యి వెనక్కి తీయలేదు.

"ఇదెప్పట్నుంచి?"

పిచ్చుక మొహంలో రంగు పోయింది. అయినా చేతిలో గ్లాసు చుట్టడం ఆపలేదు. "రెండేళ్లుగా. మీరు రాకముందే."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే వచ్చేదానివా?"

మొద్దు వెళ్లి మంచం అంచున కూర్చుంది. పిచ్చుక గడగడా చెప్పుకుపోయింది. పక్కనుంచి ఏదైనా ఇల్లొచ్చి ఆనుకుంటే జారేది ఆగుతుందని ఎవరో అన్నారట. పాత పక్కింటివాళ్లకి వీళ్లంటే పడదు, వాళ్ల ఇల్లు అవతలికే జరిగింది. అందుకే వాళ్లు పోతున్నారంటే పోనిచ్చింది. మీ ఇల్లు గట్టిది, బరువైంది. ఆనుకుంటే ఆగుతుంది.

"ఆగకపోతే?" అంది మొద్దు.

పిచ్చుక మాట్లాడలేదు. ఆమె అలా నోరు మూసుకోవడం మొద్దు చూడటం అదే మొదలు.

"ఆగకపోతే మీతోపాటు మేమూ గొయ్యిలోకే. కాదు, మీతో కాదు. మీరెక్కడికో పోతున్నారుగా." మొద్దు అట్టపెట్టెల వైపు చూసింది.

"ఆయనకి ఊరి చివర కొత్త గిడ్డంగిలో మేనేజరు పనొచ్చింది. క్వార్టర్సు ఇచ్చారు. ఇల్లు నిలబడితే మళ్లీ వస్తాం. ఇద్దరు పిల్లలే నాకు. వాళ్లని ఈ గోడ పక్కన ఎలా పడుకోబెట్టమంటావ్?"

"మా అత్తగారిని పడుకోబెట్టొచ్చా?"

"నేనలా అన్నానా?"

"నీకు ఎంతమంది స్నేహితులున్నారే! నన్నే ఎందుకు పిలిచావు?"

పిచ్చుక చేతిలో గ్లాసు పెట్టెలో పెట్టి, చాలా మామూలుగా, నిజం చెప్పింది. "ఇంకెవరిల్లూ నా కోసం రాదు కాబట్టి. నీదైతే వస్తుంది. అది నాకు తెలుసు."

"నీది నాకోసం ఒక్క వేలు కూడా జరగలేదు."

"అది నా చేతుల్లో ఉందటే? చెప్తే వినే మనసైతే జరిపించేదాన్నే. ఒట్టు."

ఆ ఒట్టు అబద్ధం కాదని మొద్దుకి తెలుస్తూనే ఉంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ క్షణాన అర్థమైంది. లేచి బయటికొచ్చేసింది. ఎదురింట్లో బస్సు కండక్టరుగా చేసి మానుకున్న పెద్దాయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. ఆమె మొహం చూసి పేపరు దించాడు.

"మీకందరికీ తెలుసా?" అని అడిగింది మొద్దు.

"తెలిసే వచ్చారనుకున్నామమ్మా" అన్నాడాయన నొచ్చుకుంటూ. "అంత ప్రాణస్నేహం కదా. కావాలనే అడ్డం పడ్డారేమో అనుకున్నాం. మా ఆవిడ మిమ్మల్ని రోజూ మెచ్చుకుంటూ ఉంటుంది."

ఆ రోజునుంచి మొద్దుకి ఒక్కటే పని, పిచ్చుక మీద ఇష్టం చంపుకోవడం. చంపుకుంటే ఇల్లు ఆగుతుంది. లేకపోతే ఇల్లు వెళ్లి ఆ గోడకి అతుక్కుని, దానితోపాటు గనిలోకి జారుతుంది. ఎక్కడికైనా పోదామంటే ఉన్నదంతా ఆ ఇటుకల్లోనే ఉంది. మాటలు మానేసింది. కిటికీ మూసేసింది. పిచ్చుక పిల్లలు గుమ్మంలోకొస్తే పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోయింది. షాపులో అద్దాలు కోస్తూ పిచ్చుక చేసిన ప్రతి చెడ్డపనీ గుర్తుచేసుకుంది. చిన్నప్పుడు తన రబ్బరు కొట్టేసింది. తన పెళ్లికి ఆలస్యంగా వచ్చింది. తను ఏడుస్తుంటే నవ్వించి అసలు సంగతి మరిపించేది. అక్కడికొచ్చేసరికి అది చెడ్డపనో మంచిపనో తేలేది కాదు.

పొద్దున్నే ప్లంబరు సందులోంచి వచ్చేవాడు. ఇప్పుడు వేళ్లు చూపించేవాడు కాదు. ఆమె కూడా అడిగేది కాదు.

"కోపం తెచ్చుకోకే" అంది అత్తగారు ఓ రోజు. "కోపమొస్తే పొద్దస్తమానం దాన్నే తలుచుకుంటావు. తలుచుకున్నకొద్దీ ఇల్లు పరుగెడుతోంది. నిన్న నా మంచం కూడా అటే జారింది."

"మరేం చెయ్యమంటారు అత్తయ్యా?"

"నన్ను తలుచుకో. నా మీద నీకు ఎటూ ఏమీ లేదు. ఇల్లు కదలకుండా ఉంటుంది."

ఏడుపులో మొద్దుకి నవ్వొచ్చింది. ప్లంబరు ఇంటి చుట్టూ ఇనుప గొట్టాలు పాతి గొలుసులు బిగించాడు. తెల్లారేసరికి గొట్టాలన్నీ పక్కకి ఒరిగి ఉన్నాయి. అతను వాటి మధ్య కూర్చుని నుదురు తుడుచుకున్నాడు.

"నేనంటే నీకెంత ఇష్టమో తెలుసుకునే దారే లేకపోయింది" అన్నాడు. "ఇంట్లోనే పడున్నాను కదా, ఇల్లు నా కోసం ఎటు జరుగుతుంది?"

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు వెనక నొప్పి ఉందని మొద్దుకి తెలిసింది. పిచ్చుక తననే కాదు, తన మొగుణ్ణి కూడా చిన్నబుచ్చిందని అప్పుడు మండిపోయింది. ఆ మంటకి మర్నాటికి ఇల్లు ఇంకో జానెడు జరిగింది.

సందు అరచెయ్యి పట్టేంత అయ్యేసరికి పక్కింటి ముందు లారీ ఆగింది. అట్టపెట్టెలు ఎక్కించారు. బీరువా ఎక్కించారు. పిచ్చుక గేటు దగ్గరికొచ్చి గొంతెత్తి, "వస్తానే మొద్దూ!" అంది, ఏమీ జరగనట్టు, ఊరెళ్లి నాలుగు రోజుల్లో వచ్చేదానిలా. మొద్దు కర్టెన్ వెనక నిలబడింది. బయటికి వెళ్లలేదు. లారీ మలుపు తిరిగేదాకా మాత్రం అక్కడినుంచి కదలలేదు.

మర్నాడు సందులోకి వెళ్లిన ప్లంబరు పరుగున వచ్చాడు. "పెరిగింది! సందు పెరిగింది!"

మొద్దు గుండె తేలికైంది. వదిలిందన్నమాట. ఇన్నాళ్లకి పీడ వదిలింది. తడి చేతులు చీరకి తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఇల్లు ఒక వైపుకి తిరిగి ఉంది. నిన్నటిదాకా ఎదురింటికి సూటిగా ఉన్న గుమ్మం వీధి చివరి వైపు, లారీ వెళ్లిన మలుపు వైపు చూస్తోంది. ముందు మెట్టు అప్పుడే రోడ్డు మీదికి ఎక్కింది.

ఎదురింటి పెద్దాయన పేపరు మడిచి, తన స్కూటరు స్టాండు తీసి, చప్పుడు చేయకుండా పక్కకి పెట్టుకున్నాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది మొద్దుకి. మోసం చేసి పోయినదాని వెనక తన ఇల్లు దేబిరిస్తూ పోతుంటే, దాన్ని వీధి వీధంతా చూస్తుంటే, ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఆ రోజు షాపుకి వెళ్లలేదు.

అప్పట్నుంచి ఇల్లు రోజూ నడిచింది. దూరమైన మనిషి కోసం ఇళ్లు మరీ తొందరపడతాయి, రోజుకో బారెడు, ఒక్కోసారి రెండు. ప్లంబరు రోజూ గొట్టం అతికేవాడు, కరెంటువాళ్లు తీగ వదిలేవాళ్లు. వీధిలోవాళ్లు దండేలు విప్పి దారిచ్చేవాళ్లు. పై వీధి మలుపు దగ్గర మేష్టారి ఇల్లు అడ్డొస్తే ఆయన పళ్ల డాక్టరమ్మతో ఆ రోజే మాట్లాడేశాడట, ఇంక తప్పదని. మర్నాటికి ఆ ఇల్లు మిగిలిన రోడ్డు కూడా దాటేసి దారిచ్చింది, ఆయనకి మంచే జరిగింది.

వానలు మొదలైన వారంలో ఓ మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. గూట్లో గిన్నెలన్నీ ఒక్కసారి పడ్డట్టు. పిచ్చుక వదిలిపెట్టిపోయిన ఇల్లు గనిలోకి జారిపోయింది. గొడుగులేసుకుని ఊరంతా వెళ్లి చూసింది. మొద్దు అత్తగారు కూడా కర్ర పట్టుకుని వెళ్లి, గొయ్యి అంచున చాలాసేపు నిలబడి, తడిసి ముద్దై తిరిగొచ్చింది.

"ఆ లారీ పదిరోజులు ఆలస్యమై ఉంటే మనం ఆ ఇంటికి ఆనుకుని ఉండేవాళ్లం" అంది కోడలితో. "నీకు బుద్ధి లేకపోవడమే మనల్ని బతికించిందే. వెళ్లిపోయినదాని కోసం ఇల్లు పరుగెత్తకపోతే ఈపాటికి నేను రాళ్ల కింద ఉండేదాన్ని."

మొద్దుకి ఆ మాట మెచ్చుకోలులా అనిపించలేదు. బతికినందుకు కూడా పిచ్చుకకే రుణపడాలా అనుకుంది.

ఇల్లు సంత దాటింది. కళ్లద్దాల షాపు దాటింది. షాపు నాలుగు అడుగుల దూరంలోకి వచ్చినప్పుడు మాత్రం ఆమె మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని వెళ్లింది, ఆ సుఖం మూడురోజులే. బస్సు డిపో పక్క ఖాళీ స్థలం దాకా వచ్చేసరికి, ఓ సాయంత్రం గేటు లేని ఆ ఇంటి మెట్టు దగ్గర పిచ్చుక చెప్పులు విడిచింది. తలుపు తట్టకుండా లోపలికొచ్చింది.

"ఒసేవ్ మొద్దూ!" అని వచ్చి వాటేసుకుంది. "ఊరంతా చెప్పుకుంటున్నారే. మొద్దు ఇల్లు పిచ్చుక కోసం నడిచొస్తోందని! నాకు ఏడుపొచ్చింది తెలుసా?"

మొద్దు చేతులు కిందే ఉండిపోయాయి. ఆ చేతులు పైకి లేవాలని ఎంత తహతహలాడాయో ఆమెకే తెలుసు. టీ పెట్టింది. పిచ్చుక తన ఇష్టం వచ్చినచోట కూర్చుని, ఎప్పటిలాగే, గుక్కతిప్పుకోకుండా చెప్పింది. గిడ్డంగివాళ్లు ఆయన్ని మాన్పించారు. క్వార్టర్సు ఖాళీ చెయ్యమంటున్నారు. సామాను బయటపడేస్తారట.

"ముందు గది మాకిచ్చెయ్. నేనూ, ఆయనా, పిల్లలూ. కొన్నాళ్లే. మీ అత్తగారు నీ గదిలో పడుకుంటారు. ఏమంటావ్?"

మొద్దు టీ గ్లాసు అందిస్తూ, క్షమించమని ఒక్క మాట వస్తుందేమోనని చూసింది. నిజానికి ఆ ఒక్క మాటకి ముందు గదేమిటి, ఇల్లంతా ఇచ్చేసేది. అది తనకి తెలుసు, అందుకే భయమేసింది.

పిచ్చుక టీ ఊదుకుంటూ నిట్టూర్చింది. "మా ఇల్లు పోయింది, విన్నావుగా. నువ్వు ఆ ఆఖర్న కిటికీ మూసుకుని మొహం చాటేయకుండా ఉంటే, కాస్త ముందే వచ్చి ఆనుకునేది మీ ఇల్లు. ఆగేదేమో, ఎవరు చెప్పొచ్చారు? సరే, పోనీలే. నేనేం మనసులో పెట్టుకోలేదు."

వంటింట్లో అత్తగారి కర్ర చప్పుడు ఆగిపోయింది. ప్లంబరు తలెత్తి భార్య వైపు చూశాడు.

మొద్దు పిచ్చుక మొహాన్ని చూసింది. షాపులో కస్టమరు మొహాన్ని ఎంత దగ్గరగా చూస్తుందో అంత దగ్గరగా. చిన్నప్పటినుంచీ ఎరిగిన మొహమే. దాని మీద దాచుకున్నదేమీ లేదు, కపటం కూడా లేదు. తాను గొయ్యి ముందు అడ్డుపెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉందన్న ఊహే దానికి రాలేదు. ఎదుటివాళ్లకి నొప్పి ఉంటుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదేమో. వరండాలో ఒళ్లో తల పెట్టుకుని కూర్చున్న రాత్రి కూడా ఉంది, అది అబద్ధం కాదు. కానీ అది అయిపోయింది.

"రాత్రవుతోంది. ఇక్కడే పడుకో" అంది మొద్దు. "ఏదైనా పొద్దున్నే."

"నువ్వు కాదనవులే, నాకు తెలుసు. ఇల్లే చెప్తోందిగా" అని పిచ్చుక నవ్వి, పడుకున్న వెంటనే నిద్రపోయింది. ఆమెకెప్పుడూ నిద్రకి లోటు లేదు. ఆశ్చర్యమేమిటంటే మొద్దుకి కూడా ఆ రాత్రి చాలా కాలానికి నిద్రపట్టింది.

తెల్లవారాక పిచ్చుక తొందరగా లేచి జుట్టు ముడేసుకుంది. "పిల్లల్ని పక్కింటివాళ్ల దగ్గర వదిలొచ్చాను. సాయంత్రానికి సామానుతో వచ్చేస్తాం. ఆ గదిలో మంచం ఒక్కటీ తీయించు" అంటూ తలుపు తీసి, కిందికి చూడకుండా, అలవాటుగా చెప్పుల కోసం కాలు చాచింది.

కాలికి చెప్పులు తగల్లేదు. మట్టి తగిలింది.

చెప్పులు ఎదురుగా, రెండు బారల దూరంలో, ఖాళీ స్థలంలో ఉన్నాయి. నిన్న విడిచినట్టే ఒకదాని పక్కన ఒకటి, ముందు భాగం ఇంటి వైపుకే తిరిగి. వాటికీ మెట్టుకీ మధ్య కొత్తమట్టి, రాత్రి దాకా ఇంటి కింద ఉన్న మట్టి, తడిగా, ఒక్క అడుగుజాడ కూడా లేకుండా పరుచుకుని ఉంది.

పిచ్చుక చెప్పుల్ని చూసింది. మెట్టుని చూసింది. "ఎవరైనా పిల్లలు జరిపి ఉంటారు" అంది.

"ఎవరూ జరపలేదు" అంది మొద్దు.

పిచ్చుక వెనక్కి తిరిగి ఆమె కళ్లలోకి చూసింది. ఆ చల్లటి మట్టిలో వట్టికాళ్లతో నడుచుకుంటూ వెళ్లి, వంగి, చెప్పులు వేసుకుంది. అక్కడినుంచి ఒకసారి ఇంటి వైపు చూసింది. పోతున్నానని చెప్పలేదు, మొద్దూ అని పిలవలేదు. డిపోలోంచి బయటికొస్తున్న మొదటి బస్సు ఆపి ఎక్కేసింది.

ప్లంబరు వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. "మంచిదైంది" అన్నాడు. అవును, మంచిదే. ఇంక ఇల్లు ఎక్కడికీ పోదు, సిగ్గుపడక్కర్లేదు, వీధిలో ఎవరూ స్కూటర్లు పక్కకి తీయక్కర్లేదు. ఈ రోజు కోసమే కదా అన్నాళ్లు పళ్లు బిగబట్టుకుని ఎదురుచూసింది. సంతోషించాలనే అనుకుంది మొద్దు. గుమ్మంలో కూలబడి, బస్సులోవాళ్లు తలలు తిప్పి చూస్తున్నా సరే, గొంతెత్తి ఏడ్చింది.